చుట్టపుచూపూ, ఇల్లరికమూ

మనిషి తన ఇల్లు వదిలి ఇంకొకరింట్లో ఉండటానికి మనవాళ్ళు రెండే పద్ధతులు పెట్టారు. ఒకటి చుట్టపుచూపు, రెండోది ఇల్లరికం. చుట్టపుచూపుగా వెళ్ళినవాడికి మర్యాద ఎక్కువ, అధికారం తక్కువ. ఇల్లరికం వెళ్ళినవాడికి అధికారం కొంత దక్కుతుంది గానీ, ఆ తర్వాత పుట్టింటికి వస్తే అక్కడ చుట్టమైపోతాడు. ప్రపంచంలోని వీసాలకి తగిలించిన అక్షరాలూ అంకెలూ పీకేసి చూస్తే, చివరికి అన్నీ ఈ రెండింట్లో ఏదో ఒక గూట్లోకే చేరతాయని నా అభిప్రాయం. చదువు వీసా మీద చుట్టంగా వెళ్ళి ఇల్లరికపుటల్లుడిగా తేలినవాళ్ళు మన హనుమకొండలో వీధికి పదిమంది.

ఇప్పుడీ గొడవెందుకంటే, మా అబ్బాయి అమెరికా పౌరుడయ్యాడు. అయిన నెలకే ఫోన్ చేసి, "బాపూ, నువ్వూ అమ్మా గ్రీన్ కార్డు తీసుకోండి. ఇక్కడే ఉండొచ్చు" అన్నాడు. అక్కడి చట్టం ప్రకారం 21 ఏళ్ళు నిండిన పౌరుడు తల్లిదండ్రుల్ని శాశ్వతంగా పిలిపించుకోవచ్చు. ఏటా ఇంతమందికే అన్న లెక్క ఆ వరసకి లేదు. అదే తోడబుట్టినవాళ్ళని పిలవాలంటే మన దేశంవాళ్ళకి పదిహేనేళ్ళు దాటిన నిరీక్షణ. అంటే చట్టానికి కూడా అమ్మానాన్నల తర్వాతే అన్నదమ్ములు! కార్డు వద్దంటే విజిట్ వీసా ఉండనే ఉంది. సాధారణంగా పదేళ్ళకి ఇస్తారు. దిగిన ప్రతిసారీ మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు. ఆరు నెలలయ్యాక మూటాముల్లె సర్దుకోవాలి.

నిజం చెప్పొద్దూ, ఈ ఊళ్ళో రిటైరైనవాడికి ఈ విషయంలో సలహాలకి కొదవ లేదు. వరంగల్‌కి ఇంజనీరింగు కాలేజీ, మెడికల్ కాలేజీ రెండూ 1959లోనే వచ్చాయి. అప్పట్నుంచీ పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోవడమూ, పెద్దలు వీసా కాయితాలు పట్టుకు తిరగడమూ మామూలైపోయింది. మునుపు వీసా కోసం మద్రాసు పరుగెత్తేవాళ్ళు. 2008లో కాన్సులేట్ హైదరాబాదుకే వచ్చింది. చిలుకూరు బాలాజీకి ముందు పదకొండు ప్రదక్షిణలు, పని అయ్యాక నూటెనిమిది. దేవుడికి మాట ఇచ్చి తప్పేవాళ్ళు తక్కువ. కౌంటర్లో అధికారికి ఇచ్చే మాట సంగతే నన్ను ఆలోచనలో పడేసింది.

అక్కడ అడిగేది నిజానికి ఒకటే ప్రశ్న: "తిరిగి వెళ్తావా?"

అమెరికావాళ్ళు 1952లో చేసిన చట్టంలో 214 (బి) అని ఒక సెక్షన్ ఉంది. దాని ప్రకారం చుట్టపుచూపుకి వస్తానన్న ప్రతివాడూ ఇల్లరికానికే వస్తున్నాడని అనుకోవాలి. కాదని రుజువు చేసుకోవాల్సిన పూచీ వచ్చేవాడిదే. రుజువుకి ఏం పట్టుకెళ్తాం? పెన్షన్ పుస్తకం, ఇంటిపన్ను రసీదు, పొలం కాగితాలు. కన్నకొడుకూ మనవరాలూ అక్కడుంటే, వాళ్ళకంటే ఈ రసీదుల మీదే నాకు మమకారం ఎక్కువని నేను నమ్మించాలి. ఎంత చిత్రం!

అమెరికావాళ్ళని తప్పుపట్టే ముందు మన ఇంటి సంగతి కూడా చెప్పుకోవాలి. 1919 నాటి నిజాం సర్కారు ముల్కీ నిబంధనల ప్రకారం, బయటివాడు ఇక్కడ ముల్కీ అనిపించుకోవాలంటే పదిహేనేళ్ళు స్థిరనివాసం ఉండాలి. అది చాలదు. వెనకటి ఊరికి తిరిగి వెళ్ళే ఉద్దేశం వదులుకున్నానని ప్రమాణపత్రం దాఖలు చెయ్యాలి. ఆ నిబంధనల్ని కాపాడమని 1952లో విద్యార్థులు లేచిందీ మొదట మన వరంగల్, హనుమకొండల్లోనే. "ఇడ్లీ సాంబార్ గో బ్యాక్" అన్న నినాదం అప్పటిదే. ఉద్యోగాలు పోతున్నాయన్న వాళ్ళ బాధ నిజమైనదే, దాన్ని కాదనను. 1973లో పార్లమెంటు ఆ నిబంధనల్ని రద్దు చేసింది. నాకు వింతగా తోచేదేమిటంటే, ఆ 1952లోనే వాషింగ్టన్‌లో ఒక కాగితం "తిరిగి వెళ్తానని నమ్మించు" అంది, మన దగ్గర ఇంకో కాగితం "తిరిగి వెళ్ళనని ప్రమాణం చెయ్యి" అంది. రెండూ కలిసి మనిషి గుండెకాయని అఫిడవిట్ అడిగాయి.

అంతకు ఏడు వందల ఏళ్ళ ముందు ఈ ఓరుగల్లు నేలిన గణపతిదేవుడు ఇలాంటిదేమీ అడిగినట్టు లేదు. 1244-45లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. గాలివానకి ఓడ ఒడ్డుకి కొట్టుకొస్తే వెనకటి రాజులు సరుకంతా లాగేసుకునేవారట. తాను నిర్ణీత సుంకం తప్ప మరేదీ ముట్టనని రాయి మీద చెక్కించాడు. వచ్చినవాడు ఉంటాడా, పోతాడా అన్నది అతని మనసుకే వదిలేశాడు. ఆయన అడిగింది సుంకం, ఇచ్చింది అభయం. రాజు లెక్కలో వ్యాపారం ఉంది, కాదనను. అయినా సుంకం కొలవడం తేలిక. ఉద్దేశాన్ని ఏ తూనికరాయితో కొలుస్తాం?

"తిరిగి వస్తాను" అన్న మాట నిజమో అబద్ధమో అన్న క్షణంలో తేలదు. "రేపు వానొస్తుంది" అన్నట్టు అది జోస్యం కాదు. అది మాట ఇవ్వడం. నిలబెట్టుకుంటే నిజమవుతుంది, లేకపోతే లేదు. మన భాషకి ఈ సంగతి ముందే తెలుసు. గడప దాటేవాడెవడూ "పోతాను" అనడు, అంటే పెద్దవాళ్ళు కోప్పడతారు. "వెళ్ళొస్తాను" అంటాడు, మా పల్లెల్లో "పోయొస్త" అంటారు. పక్క వీధికి వెళ్ళినా సరే, తిరిగి వస్తానని చెప్పి గాని వెళ్ళకూడదన్నది మన మర్యాద. అమెరికా అధికారి కౌంటర్లో అడిగే మాట మా అమ్మ ప్రతి పొద్దునా గడప దగ్గర అనిపించుకునేది.

అలాగని రానివాళ్ళని తప్పుపట్టను. "ఇక రాను, నా బతుకు అక్కడే" అని తేల్చి చెప్పినవాడిది కూడా నిజాయితీయే. ఆ మాట అనడానికి గుండె దిటవు ఎక్కువే కావాలి. నాకు నచ్చనిది మూడో దారి. తెలిసిన ఒకాయన కార్డు తీసుకున్నాడు. అక్కడ పొద్దుపోదు, ఇక్కడ ఉంటే కార్డు పోతుంది. ఏడాదికి మించి బయట ఉండాలంటే ముందే అనుమతి పత్రం కావాలి. అందుకని కార్డు బతికించడానికి మోకాళ్ళ నొప్పులతో ఏటా సముద్రాలు దాటుతున్నాడు. మనవల కోసమైతే సరే, అది కార్డు కోసం! ఇక్కడ తాళం వేసిన ఇంటిముందు తమ్ముడు "అన్న వచ్చే సంక్రాంతికి వస్తాడు" అని నాలుగేళ్ళుగా చెబుతున్నాడు. అక్కడ అధికారికి ఒక మాట, ఇక్కడ తమ్ముడికి ఒక మాట. చట్టం మొదటిదాన్నే పట్టించుకుంటుంది. ధర్మం రెండోదాన్ని కూడా అడుగుతుంది.

ఆ మాటకొస్తే గల్ఫుకి కూలికి పోయినవాళ్ళకి ఈ సంశయం పెట్టుకునే భాగ్యమే లేదు. ఇరవై ఏళ్ళు చెమటోడ్చినా వాళ్ళు చుట్టాలే. కొలువు పోయిన నాడు వీసా పోతుంది. ఇల్లరికం అన్న ఊసే లేదు. మన ముందు రెండు దారులున్నాయంటే అదే ఒక సంపద.

నా సంగతికొస్తే, మా అక్కకి ఎనభై దాటాయి. పల్లెలో ఒక్కతే ఉంటుంది. నేను ఏ ఊరెళ్ళినా ఆమె అడిగేది ఒకటే: "మళ్ల ఎప్పుడొస్తవురా?" నాకు ఇక్కడ వేళ్ళున్నాయనడానికి ఇంటిపన్ను రసీదు కాదు, ఆ ప్రశ్నే రుజువు. కానీ కాన్సులేట్‌లో దాన్ని జతపరచడానికి వీల్లేదు.

ఇదంతా మా ఆవిడకి చెప్పాను. ఓపిగ్గా విని, "మీ అక్కకి మీరు కావాలె, సరే. నా మనవరాలికి నేను చుట్టాన్నా?" అంది. దీనికి ఏ సెక్షన్‌లోనూ జవాబు లేదు. అమ్మమ్మ, నానమ్మ చుట్టం కాదు, ఇల్లరికమూ కాదు. ఆ మాటకి నిజమైన బరువుంది. మా అక్క ప్రశ్నకున్నంత బరువూ ఉంది. అది మొయ్యలేక నేను నీతి వెనక దాక్కోదలచుకోలేదు.

చివరికి ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. ఈసారికి విజిట్ వీసా. గ్రీన్ కార్డు మాట ఆవిడ వదలనూ లేదు, నేను ఒప్పుకోనూ లేదు. తిరిగి వచ్చాక మాట్లాడుకుందాం అనుకున్నాం. వచ్చే తారీకు మాత్రం అధికారికంటే ముందు మా అక్కకి చెప్పాను. ఆమె క్యాలెండర్లో ఆ రోజు దగ్గర పసుపుబొట్టు పెట్టుకుంది. ఇమిగ్రేషన్ ముద్రని తప్పించుకోవచ్చునేమో గానీ, దాన్ని తప్పించుకోవడం నా వల్ల కాదు.