పెంపుడు కుక్కను జింకల వేటకు తీసికొని పోవచ్చునా?



ఇంటి గడపయొద్ద పండుకొని, పిల్లలు పెట్టిన ముద్ద తిని, రాత్రియందు పశువుల కొట్టమును కాయు కుక్కను జింకల వేటకు తోడుకొని పోవచ్చునా? అడవి అంచున నున్న గ్రామములలో మన యౌవనస్థులు ఈ ప్రశ్న అడుగుచుందురు. పైకి ఇది చిన్న ప్రశ్నయే. గాని దీని వెనుక పెద్ద ప్రశ్న యొకటి యున్నది. మన చేయి చేయని పనిని మన మాటకు లోబడిన ప్రాణి చేసినప్పుడు, దాని లెక్క ఒప్పచెప్పవలసిన వాడెవడు?

మొదట వేటను గూర్చి ఆలోచింతము. వేట యంతయు పాపమని వాక్యము చెప్పలేదు. దుప్పిని, జింకను తినుటకు ఇశ్రాయేలీయులకు సెలవు కలదు (ద్వితీ. 12:15). అయితే వేటాడినవాడు దాని రక్తమును నేలను ఒలికించి మట్టితో కప్పవలెను (లేవీ. 17:13). కడుపు నింపుకొనుటకు చంపినను, ఆ ప్రాణము తనది కాదని అతడు ఒప్పుకొనుటకు అది గురుతు. పక్షిగూడు దొరికినయెడల పిల్లలతో కూడ తల్లిని పట్టుకొనరాదు (ద్వితీ. 22:6-7). కాబట్టి సెలవు ఉన్నది, ఆ సెలవునకు మేరయు ఉన్నది.

మన దేశములో ఆ మేరను చట్టము స్పష్టముగా గీచినది. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము కృష్ణజింకను గాని, చుక్కల దుప్పిని గాని, కణుజును గాని వేటాడుట నేరము. చంపుట మాత్రమే వేట కాదు. పట్టుట, ఉరి పన్నుట, ఆ యుద్దేశముతో తరుముట కూడ చట్టము దృష్టిలో వేటయే. కృష్ణజింకను వేటాడినవానికి 3 సంవత్సరములకు తక్కువ కాకుండ 7 సంవత్సరముల వరకు చెరసాల శిక్ష కలదు. అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. చుక్కల దుప్పి తెలంగాణ రాష్ట్ర జంతువు. అధికారులకు లోబడియుండుమని బోధింపబడిన మనకు (రోమా. 13:1) ఇంతమాత్రమే చాలియుండవలెను.

అయినను మాట ఇక్కడ ముగియుట లేదు. కొందరు ఇట్లందురు: "అయ్యగారూ, నేను తుపాకి పట్టలేదు, ఉరి పన్నలేదు. కుక్క తరిమినది, కుక్క పట్టినది. చచ్చినదానిని పారవేయుట యెందుకు?" ఈ మాట మన మనస్సాక్షిని నిద్రపుచ్చుటకు పాడు జోలపాట వంటిది.

ధర్మశాస్త్రములోని పొడుచు ఎద్దు సంగతి చూడుడి (నిర్గమ. 21:28-29). ఎద్దు ఎన్నడును పొడవక, ఒకనాడు హఠాత్తుగా ఒకని పొడిచి చంపినయెడల యజమానుడు నిర్దోషి. అయితే అది పొడుచునదని అతనికి ముందే తెలియజేయబడియు దానిని కట్టకపోయినయెడల ఆ రక్తము అతని మీదికి వచ్చును. మన కుక్కకును ఇదే న్యాయము. త్రాడు తెంచుకొని ఒకనాడు జింకవెంట పరుగెత్తిన కుక్కవలన దాని యజమానునికి దోషము లేదు. రెండవనాడు తెలిసియు విప్పినవాడు వేరు. ఈల వేసి ఉసికొల్పినవాడు మరియు వేరు.

దావీదు ఊరియాను తన చేతితో చంపలేదు; యుద్ధములో అమ్మోనీయుల కత్తి చంపెను. అయినను నాతాను ప్రవక్త వచ్చి, ఆ కత్తిచేత చంపినవాడవు నీవేయని రాజు ముఖము ఎదుటనే చెప్పెను (2 సమూ. 12:9). నరహత్యయు జింకను చంపుటయు సమానమని నేను చెప్పుట లేదు. పంపినవాడే చేసినవాడు అను న్యాయము మాత్రము రెండింటికిని ఒక్కటే. మృగములు చీల్చిన మాంసమును తినక కుక్కలకు పారవేయుమని కూడ ఇశ్రాయేలీయులకు ఆజ్ఞ యుండెను (నిర్గమ. 22:31). మనమైతే కుక్కచేత చీల్పించి, మాంసము మనము తిని, ఎముకలు దానికి వేయుచున్నాము!

"రేచుకుక్కలును చిరుతపులులును జింకలను తరుముట లేదా?" అని అడుగవచ్చును. తరుమును. దేవుడు వాటికి వేరొక బల్ల సిద్ధపరచలేదు. మన కుక్క ఉదయము మన యింట అన్నము తిని బయలుదేరినది. అది ఆకలిచేత గాక మన ఈలచేత పరుగెత్తుచున్నది.

ఆ పరుగు జింకకు ఎట్టిదో పరీక్షించినవారు కలరు. ఇంగ్లాండు దేశములో వేటజాగిలముల గుంపులతో ఎఱ్ఱ దుప్పులను తరుము ఆచారము చిరకాలము నడిచెను. పాట్రిక్ బేట్సన్ అను జంతుశాస్త్రజ్ఞుడు అట్లు తరుమబడిన దుప్పులను, తుపాకితో ఒక్కసారిగా చంపబడిన దుప్పులను పోల్చి 1997లో తన నివేదిక నిచ్చెను. తరుమబడినవి సగటున 3 గంటలసేపు, సుమారు 19 కిలోమీటర్లు పరుగెత్తినవి. వాటి కండరములలోని శక్తి నిలువలు ఇంకిపోయి, కండరములే చెడిన గురుతులు కనబడెను. నేషనల్ ట్రస్ట్ అను సంస్థ ఆ సంవత్సరమే తన భూములలో ఆ వేటను మాన్పించెను. 2004లో చేయబడిన చట్టము 2005 ఫిబ్రవరి నుండి ఇంగ్లాండు, వేల్సు దేశములలో, కొన్ని మినహాయింపులు తప్ప, కుక్కలతో అడవి జంతువులను వేటాడుటను నిషేధించెను. తప్పించుకొనిన జింక బ్రదికినదని మనము అనుకొందుము. గాని మితిమీరిన పరుగువలన కండరములు చెడి, గంటలకో దినములకో పొదలో పడి చచ్చుట జింకజాతికి సంభవించుచుండును.

కుక్క జింకల యెడల కీడు మాత్రమే చేయునని దీని భావము కాదు. వేటకు అనుమతి గల నార్వే దేశములో పెద్ద దుప్పులను వేటాడువారు, గాయపడిన మృగమును వాసనపట్టి కనుగొన శిక్షణ పొందిన కుక్కను అందుబాటులో నుంచుకొనవలెను. అక్కడ కుక్క బాధను ముగించుటకు పోవును; ఇక్కడ బాధను పొడిగించుటకు పోవుచున్నది. కుక్క ఒక్కటే. దానిని పంపు మనస్సు వేరు.

మరి కుక్క మాట యేమి? నీతిమంతుడు తన పశువుయొక్క ప్రాణమును గూర్చి ఆలోచించువాడని సామెతల గ్రంథము బోధించుచున్నది (సామె. 12:10). అడవిపంది కోర, నాగుపాము, అడవిపందులకై దొంగతనముగా వేసిన కరెంటు తీగ - ఇవి యేవియు కుక్కకు ముందుగా తెలియవు. మనము పొమ్మంటిమి గనుక పోవును. మన కుక్కలనుండి పిచ్చికుక్క వ్యాధియు మరికొన్ని రోగములును అడవి మృగములకు అంటుకొనును. తరుముటకు మరిగిన కుక్క ఇంటికి వచ్చి పొరుగువాని మేకపిల్లను జింకపిల్లగా ఎంచదని ఎవరు పూచీపడగలరు?

ఇక రైతు బాధ తేలికైనది కాదు. రోళ్లపాడు ప్రాంతమువంటి చోట్ల కృష్ణజింకల మందలు చేలలో పడి పైరు మేయుట నిజము. రాత్రంతయు మంచెమీద మేలుకొనిన వానికి జింకమీద జాలిపడుమని చెప్పుట సులభము కాదు. అయితే కాపలా వేరు, వేట వేరు. చేనిలో కట్టబడిన కుక్క మొరిగి మందను బెదరించుట కాపలా. విప్పి, ఉసికొల్పి, అడవిలోనికి తరిమించుట వేట. పోయిన పంటకు పరిహారము కోరుచు అటవీశాఖకు అర్జీ పెట్టుకొను దారి యున్నది. అర్జీ వ్రాయలేని సహోదరునికి చదువుకొనిన యౌవనస్థులు వ్రాసిపెట్టుట మంచి పరిచర్య.

వేసవిలో అడవి కుంటలు ఎండినప్పుడు జింక మన చెరువునకు వచ్చును. దాహముగొనిన దుప్పిని ప్రాణమునకు పోల్చిన 42వ కీర్తనను మనము ఆరాధనలో చదువుకొందుము. ఆ దుప్పి నిజముగానే మన గట్టుమీదికి వచ్చి, ఊరకుక్కలు దానిని చుట్టుకొన్నయెడల మనమేమి చేయుదుము? చేయవలసినది కఠినమైనది కాదు. కుక్కలను వెనుకకు పిలిచి కట్టివేయుడి. గుంపును దూరముగా నిలుపుడి. అటవీ ఉద్యోగులకు కబురు పంపుడి. మీ పిలుపునకు కుక్క తిరిగివచ్చునని మీకు తెలియును. కాబట్టియే, పిలువకపోయినయెడల ఆ లెక్క కుక్కది కాదు, మీదే.

తన మాటకు లోబడు ప్రాణులను మన చేతికి అప్పగించిన దేవుడు, ఆ అధికారమును దయతో వాడుకొను హృదయమును మన అందరికిని అనుగ్రహించును గాక. ఆమేన్.