ముందు నడిచినవాళ్ల మెట్లు

మాఘమాసం వచ్చేసరికి సత్తెనపల్లి చుట్టుపక్కల చేలల్లో మిరప కోతలు జోరుగా సాగుతుంటాయి. ఉగాది నాటికి కల్లాలన్నీ ఎర్రబారతాయి. ఊపిరి సలపని ఆ రోజుల్లోనే కొందరు శివమాల వేసుకుని, ఇరుముడి తలకెత్తుకుని శ్రీశైలానికి కాలినడకన బయలుదేరతారు. పల్నాటి వాళ్లకు తెలిసిన దారి వినుకొండ, త్రిపురాంతకం, దోర్నాల మీదుగా సాగే రోడ్డు. త్రిపురాంతకమే శ్రీశైలానికి తూర్పు ద్వారం. ఇది కాక అడవి లోపలి కాలిబాట ఒకటుంది. ఆత్మకూరు వైపు వెంకటాపురం దగ్గర మొదలై నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం చేరుతుంది. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య శ్రీశైలం వెళ్లింది ఈ దారినే.

ఈ బాటలో అసలైన రోజు పెద్దచెరువు దగ్గర తెల్లవారుతుంది. రాత్రి చెట్ల కింద దుప్పట్లు పరిచి పడుకున్నవాళ్లు చీకటితోనే లేస్తారు. ఎండ ముదిరేలోపు కొండలు దాటాలి. శివరాత్రి, ఉగాది రోజుల్లో నల్లమల ఆకు రాల్చి ఉంటుంది. టేకు, నల్లమద్ది చెట్ల కింద ఎండుటాకులు అడుగడుగునా చప్పుడు చేస్తాయి. మోదుగలు మాత్రం నిండుగా పూసి ఉంటాయి. ఇది పులులుండే అడవి. గుంపు వదిలి ఎవరూ ముందుకు పోరు, వెనకపడ్డవాడిని విడిచిపెట్టరు. ఉగాది యాత్రలో కన్నడిగులు ఎక్కువ. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా ఎంచుకుని చీరె, సారె మోసుకొస్తారు. కర్రకాళ్ల మీద నడిచేవాళ్లూ వాళ్లలో ఉంటారు. ఆ అడవిలోనే పుట్టి పెరిగిన చెంచులకేమో స్వామి అల్లుడు, చెంచు మల్లయ్య.

పొద్దెక్కేకొద్దీ మూట బరువు తెలుస్తుంది. ఇంట్లో తప్పనిసరి అనుకుని సర్దుకున్న సామాను సగం అక్కర్లేదని భుజాలు చెబుతాయి. ఆ తర్వాత భీముని కొలను లోయ వస్తుంది. మెట్ల మీదుగా లోయలోకి దిగాలి, అవతల మళ్లీ అంతకంత నిటారుగా ఎక్కాలి. మోకాళ్లు వణుకుతాయి. శివనామం పెద్దగా పలుకుతూ వచ్చినవాళ్ల నోట కూడా అక్కడ మాట ఉండదు. పక్కవాడి చెయ్యి పట్టుకునేటప్పుడు వాడిది ఏ ఊరని అడిగేంత ఊపిరి కూడా మిగలదు.

ఆ ఎక్కుడులో నా మనసు నిలిచేది కాలికింది రాయి మీద. అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించాడు. పద్నాలుగో శతాబ్దపు మాట ఇది. ఎర్రాప్రగడకు ఆశ్రయమిచ్చిన రాజు ఆయనే. ఆయన తర్వాత రాజధాని కొండవీటికి, అంటే మన సత్తెనపల్లి వాళ్లకు పొరుగునే ఉన్న కొండకు వచ్చింది. ఆ వంశంలోనే అనవేమారెడ్డి 1377లో శ్రీశైలంలో వీరశిరోమండపం కట్టించాడు. ఆవేశంలో భక్తులు తమ తలలు, నాలుకలు తెగగోసుకుని స్వామికి అర్పించిన చోటు అది.

ఒకే వంశం, ఒకే కొండ, ఒకే దేవుడు. ఒకరు తల ఇచ్చేవాడికి మండపం కట్టారు, ఒకరు నడిచేవాడికి మెట్టు వేశారు. ఆ వీరుల తెగువను తక్కువ చేసే అర్హత నాకు లేదు. అయినా నా నమస్కారం ముందు మెట్టుకే. తల కోసుకున్న భక్తి ఆ ఒక్కడితో స్వామిని చేరింది. మెట్టు వేసిన భక్తి దాదాపు ఏడువందల ఏళ్లుగా ముసలివాళ్లనూ పిల్లతల్లులనూ కొండకు చేరుస్తోంది. అది వేసినవాడికి మన ముఖం తెలియదు, కులం తెలియదు. మనం వస్తామని మాత్రం తెలుసు. రాజు పేరు మిగిలింది కానీ, ఆ రాళ్లు మోసినవాళ్ల పేర్లు మిగల్లేదు. మోక్షమనేది ఉంటే ముందు వాళ్లకే అందాలని నా కోరిక.

ఆ పని ఇంకా ఆగిపోలేదు. యాత్ర రోజుల్లో దారి పొడవునా మజ్జిగ పోసేవాళ్లు, అన్నం వండిపెట్టేవాళ్లు, బొబ్బలెక్కిన కాళ్లకు కట్టు కట్టేవాళ్లు కనిపిస్తారు. వాళ్లలో కొందరికి ఆ రద్దీలో దర్శనానికి తీరికే దొరకదు. వాళ్లు యాత్ర చేయలేదని నేననుకోను. నీళ్లు తాగి సీసాను పొదల్లోకి విసిరేసినవాడు గర్భగుడి దాకా వెళ్లినా, నా దృష్టిలో వాడి యాత్ర పూర్తి కాలేదు. జింకలు మేసే చోట ప్లాస్టిక్ పారేసి పశుపతికి మొక్కడం ఎలా కుదురుతుంది?

కైలాసద్వారం దాటాక హటకేశ్వరం మీదుగా గుడికి చేరతారు. అలసి వచ్చినవాడు కాళ్లు కడుక్కోకుండా, దారి దుమ్ముతోనే స్వామిని చూడటం శ్రీశైలంలో పాత సంప్రదాయం. ధూళి దర్శనం అంటారు. స్నానం చేసి, మడి కట్టుకుని రమ్మని మల్లన్న అడగడు. కిందటి తరాలు నడిచి మెత్తన చేసిన మట్టి అది, కాళ్లకంటుకుని గుడిలోకి వస్తుంది.

ఈ ఉగాదికి మన వైపు నుంచి వెళ్లేవాళ్లను ఒకటి అడుగుతాను. మూటలో ఒక ఖాళీ గోనెసంచి పెట్టుకోండి. భీముని కొలను దగ్గర కాసేపు ఆగి, మెట్ల మీది చెత్త అందులోకి ఎత్తండి. కదిలిన రాయి కనిపిస్తే నలుగురూ కలిసి సరిగా కూర్చోబెట్టండి. వెనక ఎవరో వస్తున్నారు.