చక్రవర్తికి ఆత్మ కలదా?

నవలను తెరకెక్కించువారు మూలమును చెడగొట్టినారా, బాగుచేసినారా అను వాదము మిక్కిలి పాతది; అందు నాకంత ఆసక్తి లేదు. కాని ఐజాక్ అసిమోవు రచించిన 'ఫౌండేషన్' నవలలను ఆపిల్ టీవీ ప్లస్ సంస్థ 2021 సెప్టెంబరు మొదలు ధారావాహికగా ప్రదర్శించుచుండగా చూచినప్పుడు, అక్కడ మాఱినది కథ మాత్రమే కాదనియు, మనుష్యుడనగా ఎవడను ప్రశ్నకు మూలగ్రంథమిచ్చిన సమాధానమే తలక్రిందులైనదనియు నాకు తోచినది.

అసిమోవు 1920లో రష్యాలో జన్మించి, మూడేండ్ల ప్రాయమున తల్లిదండ్రులతో అమెరికా చేరినవాడు. 1941 ఆగస్టు 1వ తేదీన న్యూయార్కు భూగర్భరైలులో కూర్చుండి, సంపాదకుడైన జాన్ కాంప్‌బెల్‌ను చూడబోవుచు, చేతనున్న గిల్బర్టు, సలివనుల నాటకసంపుటిని తెఱచి, అందొక కావలి సిపాయి పాదములపై వ్రాలుచున్న దేవకన్యల రాణి చిత్రమును చూచి, సిపాయి నుండి సైన్యములకును, సైన్యముల నుండి సామ్రాజ్యములకును, గిబ్బన్ వర్ణించిన రోము పతనమునకును ఊహను పోనిచ్చి, నక్షత్రలోకములన్నిటను వ్యాపించిన యొక మహాసామ్రాజ్యపు పతనమును కథగా అల్లితినని ఆయనయే చెప్పుకొనెను. ఆ కథ 1942లో పత్రికయందును, 1951లో పుస్తకరూపమునను వెలువడెను. అందు హేరీ సెల్డన్ అను గణితవేత్త, సామ్రాజ్యము కూలుట తప్పదనియు, కూలిన పిమ్మట 30,000 ఏండ్ల అంధకారము లోకమును కప్పుననియు, తన పథకము సాగెనేని అది 1,000 ఏండ్లకు తగ్గుననియు లెక్కకట్టును. వాయువునందలి ఒక్క అణువు ఎటు పోవునో ఎవడును చెప్పలేడు, వాయురాశి గతిని మాత్రము చెప్పవచ్చును. జనసమూహముల గతిని గణించు సెల్డన్ విద్య, సైకోహిస్టరీ, ఇట్టిది. వైకుంఠ ఏకాదశినాడు తిరుమలకు ఎంత జనము వత్తురో దేవస్థానమువారు ముందుగనే అంచనా వేయగలరు గాని, మన పొరుగింటి సుబ్బమ్మగారు వత్తురో రారో వారెఱుగరు గదా.

ఈ గణితమున వ్యక్తికి స్థానము లేదు. కురుక్షేత్రమున అర్జునుని నిమిత్తమాత్రుడవు కమ్మని భగవానుడు ఆదేశించిన తావుననైనను, ఆ నిమిత్తమునకొక పేరున్నది, ఒక విల్లున్నది, అంతకు మిక్కిలి ఒక సంశయమున్నది. సెల్డన్ లెక్కలో అవియు లేవు. పైగా ఆ లెక్కకొక కఠినమైన నిబంధన గలదు: జనులకు అది తెలియరాదు. తెలిసిన మరుక్షణమున వారి నడత మాఱును, లెక్క తప్పును. మన తెలుగునాట పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞాన తాళపత్రములు బనగానపల్లెలో చింతచెట్టు క్రింద పాతిపెట్టబడినవని ఐతిహ్యము. చెట్టు క్రిందివాటి మాటెట్లున్నను, ఊరూర తత్త్వములు పాడుకొనువారి నోట వినబడు కాలజ్ఞానము జనులు వినుటకే, విని జాగ్రత్తపడుటకే పుట్టినది. సెల్డన్ జ్ఞానము వినరానిది. మనుష్యులను వారి మేలుకొఱకే చీకటిలో నుంచుట ధర్మమగునా అను ప్రశ్నవద్ద అసిమోవు తగినంత సేపు ఆగలేదని నా అభిప్రాయము. దైవమనబడునది పూర్వకృతమైన పౌరుషమే తప్ప మఱొకటి కాదని యోగవాసిష్ఠమున రామునకు బోధించిన వసిష్ఠుని యెదుట, కర్తలకు తెలియకుండ నడచు ఇట్టి లోకకల్యాణము నిలువదు.

టెలివిజనుకు ముఖములు కావలెను. ప్రకరణమునకొక తరము గడచిపోయి, పాత్రలందఱును మాఱిపోవు గ్రంథమును యథాతథముగ చూపినచో ప్రేక్షకుడు ఎవనిని పట్టుకొని కూర్చుండును? అందుచే, నవలలో తొలి ప్రకరణముతోనే కనుమఱుగగు గాల్ డోర్నిక్ అను యువకుడు ఇందు యువతియై, భవిష్యత్తును ముందుగ దర్శించు శక్తి గలదియై, కథ పొడుగునను నిలిచినది. ఇది నాకు నచ్చలేదు. సమూహము తప్ప వ్యక్తి లెక్కకు రాడని చెప్పుటకు పుట్టిన కథ కారణజన్ముల కథగా మాఱుట చిన్న మార్పు కాదు. అసిమోవు సయితము మ్యూల్ అను విపరీతపురుషునిచే తన సిద్ధాంతమునకు తానే గండికొట్టినాడు గాని, ఆ గండి గండిగనే కనబడునట్లు వ్రాసినాడు.

అయితే ఈ ధారావాహికను కల్పించిన డేవిడ్ గోయర్, జాష్ ఫ్రీడ్‌మన్‌లు, మూలమునందెక్కడను లేని మఱియొక కల్పన చేసినారు. నేనీ వ్యాసము వ్రాయుటకు అదియే కారణము. ఇందు ఒకటవ క్లియాన్ చక్రవర్తి తన దేహమునుండియే తన ప్రతిరూపములను పుట్టించి, వంశమనగా తానే అగునట్లు ఏర్పాటు చేసినాడు. బాలుడు, ప్రౌఢుడు, వృద్ధుడు అను మువ్వురు క్లియానులు ఏకకాలమున నుందురు; వృద్ధుడు గతింపగా ప్రౌఢుడు వృద్ధుడగును, బాలుడు సింహాసనమెక్కును, మఱియొక శిశువు సిద్ధమగును. నేలబడిన ప్రతి నెత్తురుబొట్టునుండి మఱల తానే లేచిన రక్తబీజుడు మనకు క్రొత్తవాడు కాడు. కాని వానికి ఆత్మ కలదా యని మన పురాణమున ఎవరును అడుగలేదు.

ఇందు అడిగినారు. హలీమా అను సన్న్యాసిని, అసంఖ్యాకులైన భక్తుల యెదుట నిలిచి, ఆత్మ జన్మజన్మలకును పరిణమించునదనియు, ఒకే దేహముగ మరల మరల పుట్టువానికి పరిణామము లేదు గనుక ఆత్మయు లేదనియు వాదించును. తన వంశముయొక్క అధికారమే కదలుటను చూచి, ప్రౌఢుడైన చక్రవర్తి తన శరీరరక్షలన్నిటిని విసర్జించి, సామాన్య యాత్రికులతోపాటు నీరైనను లేక ఎడారిలో సర్పిలాకారపు మార్గమున నడచి, చివరకు గుహలోని ఉప్పునీటి మడుగున మునుగును. బయటికి వచ్చి, మూడు రేకుల పువ్వు తనకు దర్శనమిచ్చెనని చెప్పును. మతగురువులు దానిని తమ దేవతాత్రయమునకు చిహ్నముగ గ్రహింతురు, ప్రజలు తలవంతురు. నిజమునకు అతనికేమియు కనబడలేదు.

హలీమా వాదము నాకు సమ్మతము కాదు. రూపసామ్యము ఆత్మను హరించునేని కవలలకు ఆత్మ యుండరాదు. నైయాయికులను అడిగినచో, దేహములొక్క తీరుననున్నను జీవులు వేఱనియు, ఎవని కర్మ వానిదేయనియు తేల్చుదురు. బౌద్ధుడైన నాగసేనుడు మిలిందునకు చెప్పినట్లు, రాత్రియెల్ల వెలిగిన దీపపు జ్వాల తొలిజామునందలిదే కాదు, వేఱొకటియు కాదు. అట్లు చూచినచో మనమందఱమును క్లియానులమే. ఇక అద్వైతి యొద్దకు పోయినచో ప్రశ్నయే మాఱిపోవును. ఆత్మ ఒక్కటియే, భేదము ఉపాధిది. క్లియాన్ చేసిన పొరపాటు తనను మరల మరల పుట్టించుకొనుట కాదు. ఉపాధినే తానని భ్రమించి, దానిని శాశ్వతము చేయబూనుట. దేహాత్మబుద్ధి ఒక రాజ్యాంగముగ రూపొందినచో ఎట్లుండునో ఇంత స్పష్టముగ చూపిన కథను నేను మఱియొకదానిని చూడలేదు. మడుగున ఏమియు కనబడకపోవుటలో లజ్జింపదగినది లేదు. ఆ శూన్యముతో ఒక్క క్షణము నిలువలేక పువ్వును కల్పించుటలోనే అతని దారిద్ర్యమున్నది.

క్లియానుల కొలువునందలి దెమెర్జెల్ సంగతి ఇంకను చిత్రము. ఆమె వేలయేండ్ల యంత్రస్త్రీ. హలీమా మతమును మనఃపూర్వకముగ నమ్మినది. కాని రాజవంశపు ఆజ్ఞను మీఱు శక్తి లేనిది. తలవంచిన హలీమాను, చక్రవర్తి ఆజ్ఞచే, ఆమెయే విషమిచ్చి చంపును. పిదప, రంగులను తక్కిన క్లియానులవలె చూడలేని బాలక్లియానును, ప్రౌఢునికి జాలి కలుగుచున్న వేళనే, మెడ విఱిచి చంపును. అటుపై ఏకాంతమున తన ముఖచర్మమును తానే పెఱికివేసికొనును. ఆత్మ యున్నదో లేదో యని లోకము తర్కించినది చక్రవర్తిని గుఱించి. పశ్చాత్తాపమును చూపినది మాత్రము, స్వాతంత్ర్యమే లేని యంత్రము. నమ్మకమునకు ఫలము ఆచరణయైనచో ఆమె మహాపాపి. దుఃఖమైనచో ఆ సభలో భక్తురాలామెయొక్కతెయే.

1992లో గతించిన అసిమోవు ఈ మార్పులను ఒప్పుకొనియుండునని నేననుకొనను. ఆయన కథలలో మతము జనులను లొంగదీయు సాధనమే గాని ఆత్మశోధన కాదు. అయినను, సెల్డన్ వృత్తాంతమున ధారావాహిక ఓడినదనియు, క్లియానుల వృత్తాంతమున మూలమును మించినదనియు నా నిర్ణయము. చదువరులు 1951నాటి సంపుటిని ముందు చదివి, పిదప మొదటి సీజను ఎనిమిదవ భాగమును చూడుడు. తీఱిక యున్నవారు తక్కినవి చూడవచ్చును.