పదహారు బొడిపెల గది

లూకా సువార్తలో సత్రం యజమాని లేడు. నమ్మకం కుదరకపోతే రెండో అధ్యాయం ఇంకోసారి తీసి చూడండి. బిడ్డని పశువుల తొట్టిలో పడుకోబెట్టారనీ, సత్రంలో వాళ్ళకి చోటు లేకపోయిందనీ ఉంటుంది, అంతే. తలుపు తట్టడం లేదు. దీపం పట్టుకుని బయటికొచ్చినవాడు లేడు. కసురుకోవడం లేదు. చోటు లేదని ఉంది గానీ లేదన్నది ఎవరో లేదు. మరి ఏటా క్రిస్మస్ నాటకంలో తలపాగా చుట్టుకుని, అంటించిన మీసం జారిపోతుంటే పట్టుకుంటూ వచ్చే ఆ ఆసామి ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? సండే స్కూల్లో మేమంతా ఆ వేషం కోసం కొట్టుకునేవాళ్ళం. యోసేపుకి మాటలు తక్కువ, దేవదూతకి రెక్కలు గుచ్చుకుంటాయి, నవ్వులన్నీ సత్రం ఆసామికే.

ఇన్నేళ్ళు చదివినా ఈ ఖాళీ నా కంటపడలేదు. కట్టేటప్పుడు పడింది. పోయిన డిసెంబరులో మా చర్చి పిల్లలతో కలిసి లెగో ఇటుకలతో బేత్లెహేము కట్టాం. అయిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు బల్ల మీద ఊరు ఊరంతా. ఇళ్ళల్లో మూలపడ్డ డబ్బాలు తెచ్చారు, కొన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం, లెగో కానివీ బోలెడు కలిశాయి (వాటికి పట్టుండదు, గోడ అడుగు వరసలో పడ్డాయంటే గోడంతా ఊగుతుంది). రెడీమేడ్ సెట్టు కోసం చూడొద్దు. అభిమానులు తమ డిజైన్లు పంపుకునే లెగో ఐడియాస్ నిబంధనల్లో మతానికి సంబంధించినవి తీసుకోమని రాసే ఉంది. అక్కడా చోటు లేదన్నమాట. అందుకని పోలీసు మొండెం మీద గడ్డం తల పెట్టి యోసేపుని చేశాం, నర్సుని మరియని చేశాం.

పాక ఒక్కటే కడితే చిక్కేం లేదు. 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో అసిసి ఫ్రాన్సిస్ క్రిస్మస్ దృశ్యాన్ని ఏర్పాటు చేసినప్పుడు ఆయనకి కావలసినవి గడ్డి నింపిన తొట్టి, ఒక ఎద్దు, ఒక గాడిద. సత్రం ఊసెత్తలేదు. కానీ పెద్దది కట్టాలన్న ఆశ పుట్టిందా, వీధి కావాలి, బావి కావాలి, సత్రం కావాలి. సత్రానికి గోడ లేపాక గుమ్మం పెట్టాలి. గుమ్మం పెట్టాక తలుపు తెరిచి ఉందో మూసి ఉందో తేల్చాలి. తెరిచి ఉంటే అక్కడ ఎవరో ఒకరు నిలబడి ఉండాలి. ఎవరో చెప్పకుండా లూకా ఒక వాక్యంతో దాటేశాడు. నాకు ఆ వెసులుబాటు లేదు.

తొమ్మిదో తరగతి కుర్రాడొకడు, "అక్కా, ఇతన్ని పెడదామా?" అని ఒక బొమ్మ తెచ్చాడు. పాత మొహం. లెగో మనుషులు 1978లో వచ్చినప్పుడు అందరికీ ఒకటే మొహం: పసుపు తల, రెండు చుక్కల కళ్ళు, ఒక నవ్వు. 1989లో సముద్రపు దొంగల సెట్లు వచ్చేదాకా అంతే. పోలీసూ నవ్వేవాడు, పోలీసు పట్టుకున్నవాడూ నవ్వేవాడు. మాకు దొరికిన సత్రం ఆసామి చేతులు చాపి, నవ్వుతూ, చోటు లేదంటున్నాడు.

పిల్లలకి అది తమాషాగా ఉంది. నాకు మాత్రం ఆ మొహం తెలుసు.

పెళ్ళైన కొత్తల్లో హైదరాబాదులో నాలుగు నెలలు ఇల్లు వెతుక్కున్నాం. ఒక ఇంట్లో ఓనరు గారు, పెద్దాయన, కాఫీ కూడా ఇప్పించారు. పేర్లు అడిగారు. నా పేరు ఏమీ బయటపెట్టదు, మా ఆయన పేరు అన్నీ చెప్పేస్తుంది. "నాన్‌వెజ్ వండుతారామ్మా?" అన్నారు. ఆ ప్రశ్న వంట గురించి కాదని ముగ్గురికీ తెలుసు. "అయ్యో, నిన్ననే ఎవరో అడ్వాన్సు ఇచ్చి వెళ్ళారమ్మా" అన్నారు, ఎంతో మర్యాదగా, నవ్వు చెరగకుండా. మూడు వారాల తర్వాత అటుగా వెళ్తుంటే టు-లెట్ బోర్డు గేటుకి అలాగే వేలాడుతోంది.

కాబట్టి ఆ పసుపు మొహాన్ని గుమ్మంలో నిలబెట్టడం నాకు ఇష్టంగానే అనిపించింది. నాలుగు రోజులు అలాగే ఉంచాం. చూస్తున్నకొద్దీ ఇంకోటి గుచ్చుకోవడం మొదలుపెట్టింది. గుమ్మంలో ఒకణ్ణి నిలబెట్టేసరికి లోపల ఉన్నవాళ్ళంతా నిర్దోషులైపోయారు. పై గదుల్లో దుప్పటి కప్పుకున్న వాళ్ళకి ఈ గొడవతో సంబంధం లేదు. వాళ్ళ తరఫున లేదనడానికి కింద ఒకడున్నాడు. మేం ఇల్లు వెతికిన ఆ అపార్ట్‌మెంట్లలోనూ అంతే కదా. "నాకేం అభ్యంతరం లేదమ్మా, మిగతా ఫ్లాట్ల వాళ్ళు ఒప్పుకోరు" అన్నవాళ్ళు ఎందరో. ఆ మిగతా ఫ్లాట్ల వాళ్ళు ఎప్పుడూ ఎదురుపడలేదు.

బ్రూగెల్ 1566లో వేసిన 'బేత్లెహేములో జనసంఖ్య' చిత్రం గుర్తొచ్చింది. ఫ్లెమిష్ పల్లె, మంచు. సత్రం ముందు జనం మూగి పేర్లు రాయించుకుంటున్నారు, పన్ను కడుతున్నారు. ఒకచోట పందిని కోస్తున్నారు, పిల్లలు మంచు మీద ఆడుకుంటున్నారు. గాడిద మీద మరియ వస్తోంది, ఆమెని వెతికి పట్టుకోవాలి. ఎవరూ ఆమెని పొమ్మనడం లేదు, అసలు ఎవరూ చూడటం లేదు. అందరికీ పనుంది. ఆ చిత్రంలో దుర్మార్గుడు కావాలంటే దొరకడు. నిజానికి ఆ రాత్రి సత్రం నిండిందంటే నింపినది వీళ్ళే, యోసేపులాగే ప్రభుత్వం రమ్మంటే నడిచొచ్చినవాళ్ళు. వాళ్ళూ పరాయివాళ్ళే, ఒక పూట ముందొచ్చారు.

గుమ్మంలో మనిషిని తీసేశాను.

ఇంకో చిక్కు భాషది. తెలుగు బైబిల్లో సత్రం అన్నచోట గ్రీకులో ఉన్న మాట 'కటలూమా'. అదే మాట అదే సువార్త 22వ అధ్యాయంలో, చివరి పస్కా భోజనానికి అడిగిన గది దగ్గర మళ్ళీ వస్తుంది. అక్కడ మనవాళ్ళు 'విడిది గది' అన్నారు. డబ్బులిచ్చి దిగే పూటకూళ్ళ ఇంటికి లూకా వాడిన మాట వేరు, మంచి సమరయుడి కథలో ఉంది. ఆ కథలో పూటకూళ్ళవాడు ఉన్నాడు కూడా, దెబ్బలు తిన్న మనిషిని ఉంచుకుని చూసుకుంటాడు. అంటే లూకాలో కంటికి కనిపించే ఒకే ఒక్క సత్రం మనిషి చోటిచ్చినవాడు. మనం నాటకాల్లో ఆడేది లేనివాణ్ణి.

విడిది అనుకుంటే బొమ్మ మారిపోతుంది. అది చుట్టాల ఇల్లు. విడిది గది నిండిపోయింది. అప్పటి ఇళ్ళల్లో రాత్రిపూట పశువుల్ని లోపలే కింది భాగంలో కట్టేసేవారనీ, తొట్టి అక్కడే ఉండేదనీ కొందరు పండితులు అంటారు. అలాగైతే అది గెంటేయడం కాదు, సర్దుకోవడం. పెళ్ళివారింట్లో మంచాలు చాలక వరండాలో చాపలు పరిచినట్టు. "చోటు లేదు" అన్న మాటే, గేటు వేసేవాడూ అంటాడు, "సర్దుకుందాం, ఇలా రండి" అనేవాడూ అంటాడు. మా బల్ల మీద ఈ రెంటికీ తేడా ఒక్క బొడిపె మందం గోడ, ఎనిమిది మిల్లీమీటర్లు. పాకకీ ఇంటికీ మధ్య ఆ గోడ ఉంచాలా, తీసేయాలా?

తీసేయడం సులువు. పండితుల మద్దతు కూడా ఉంది. కానీ తీస్తే మా అమ్మమ్మ దగ్గర్నుంచి ఏదో లాక్కున్నట్టు అవుతుంది. ఆవిడ పేటలో ఈ కథ విన్నవాళ్ళకి ఊరి బయట అన్న మాట విప్పి చెప్పక్కర్లేదు. గుడి తలుపులు తనకి మూసి ఉన్నాయి కాబట్టే జాషువా 'గబ్బిలం'లో శివుడి దగ్గరికి గబ్బిలాన్ని పంపాడు, 1941లో. అలాంటి తలుపుల ముందు నిలబడ్డవాళ్ళకి తమలాగే బయట పుట్టిన దేవుడు కావలసి వచ్చాడు. ఆ కాదనడం మీదే వాళ్ళ నమ్మకం నిలబడింది. ఇప్పుడు నేనొచ్చి, "అమ్మమ్మా, అసలు ఎవరూ కాదనలేదంట, గ్రీకులో అలా లేదు" అంటే? గ్రీకు సంగతి గ్రీకుది. టు-లెట్ బోర్డు సంగతీ ఉంది కదా.

గోడ ఉంచేశాను. బదులు విడిది గది పైకప్పు ఊడదీశాను. బల్ల మీదికి వంగి చూస్తే లోపల ఎవరెవరు పడుకున్నారో, ఎంత మేర ఆక్రమించారో కనిపించాలి. చోటు లేదన్నది నిజమో కాదో చూసినవాళ్ళే లెక్క కట్టుకుంటారు.

లెక్క మొదట పిల్లలే కట్టారు. గది పదహారు బొడిపెల వెడల్పు, పన్నెండు బొడిపెల లోతు. లెగో మనిషి వెల్లకిలా పడుకుంటే చేతులతో కలిపి మూడు బొడిపెల వెడల్పు, పొడవు అయిదు. వరసకి అయిదుగురు, రెండు వరసలు, పదిమంది. గోడ వారన సన్నటి పట్టీ మిగులుతుంది, అందులో ఎవరూ పట్టరు. అంటే అబద్ధం కాదు, గది నిజంగానే నిండింది. అప్పుడు ఆ తొమ్మిదో తరగతి కుర్రాడు ఒకణ్ణి పక్కకి తిప్పాడు. రెండు బొడిపెలు చాలాయి. ఇంకొకణ్ణి తిప్పాడు. అందర్నీ తిప్పేశాడు. వరసకి ఎనిమిది, మొత్తం పదహారు.

"పట్టారు అక్కా, ఇంకా ఆరుగురికి చోటుంది" అన్నాడు.

ప్రదర్శన నాటికి మళ్ళీ వెల్లకిలా పెట్టాల్సొచ్చింది. పక్కకి తిప్పినవి నిలవడం లేదు, బల్ల కాస్త కదిలితే చాలు దొర్లిపోతున్నాయి. కుర్రాడికి నచ్చలేదు. వచ్చినవాళ్ళని ఒక్కొక్కరినీ గది దగ్గరికి పిలిచి, వేలితో ఇద్దర్ని పక్కకి తిప్పి పట్టుకుని, "చూడండి, చోటుంది" అని చూపిస్తూనే ఉన్నాడు, వేలు తీసేదాకా.