విధవరాలి పిడికెడు బియ్యము

ధ్యానభాగము: ద్వితీయోపదేశకాండము 14:22–29



కోతలు ముగిసి ధాన్యము ఇండ్లకు చేరు ఈ దినములలో దశమభాగమును గూర్చి బోధించుట కాపరులకు వాడుక. మలాకీ మూడవ అధ్యాయము తీయగానే, "ఇదిగో, అయ్యగారు సంచి పట్టిరి" అని మీలో కొందరు నవ్వుకొందురని మాకు తెలియును. ఈ మారు మలాకీని ప్రక్కన ఉంచి, మా తప్పు ఒకటి చెప్పుకొందుము.

వంటకు బియ్యము తీయునప్పుడెల్ల ఒక పిడికెడు దేవునికని వేరుచేసి, ఆదివారమున తెచ్చి బల్లయొద్ద పోయుట మన స్త్రీల అలవాటు. గడచిన ఆగస్టులో వానలు వెనుకబడి, నాట్లు లేక కూలి దొరకలేదు. అట్టి ఆదివారమున ఒక వృద్ధ విధవరాలు తన చిన్న సంచితో వచ్చెను. అవి రేషను బియ్యము. ఆమెకు మరి ఆధారము లేదు. మేము జాలిపడి, "అవ్వా, ఈ నెల వద్దులే, నీవే వండుకో" అంటిమి.

ఆమె కదలక నిలిచి, "బీదదాన్నని నన్ను దేవుని బల్లకాడికి రావద్దంటారా అయ్యగారూ?" అనెను.

మేము సంచి పుచ్చుకొంటిమి. జవాబు మాత్రము దొరకలేదు. 1912లో దోర్నకల్ అధ్యక్షులుగా అభిషేకము పొందిన అజరయ్యగారు, ఇచ్చుట ఆరాధనలో భాగమనియు, బీదలను దానినుండి తప్పించరాదనియు మన తెలుగు సంఘములకు నేర్పిరి. సెమినరీలో చదివిన ఆ పాఠమును ఒక అవ్వ మాకు మరల చెప్పవలసివచ్చెను.

ఆ రాత్రి పై ధ్యానభాగమును తీసితిమి. మూడేసి సంవత్సరముల కొకసారి ఆ పదియవ వంతు దూరమునకు పోదు, ఊరిలోనే కూర్చబడును. లేవీయుడు, పరదేశి, తండ్రిలేని బిడ్డ, విధవరాలు వచ్చి తృప్తిగా తిందురు. ఈ భాగముపై ఎన్ని ప్రసంగములు చేసితిమో! ఇచ్చువారినే చూచితిమి గాని తినువారిని చూడలేదు. లేవీయుని మాట మాత్రము ఎన్నడును మరువలేదు. అది మన జీతమునకు సంబంధించినది గదా!

తరువాత సంఘపు లెక్కల పుస్తకము విప్పితిమి. పిడికెడు బియ్యము వేలము వేయగా వచ్చిన సొమ్ము ఉన్నది. సున్నము, మైకు మరమ్మతు, సభలకు ప్రయాణపు ఖర్చు ఉన్నవి. విధవరాండ్రకని ఒక్క పద్దు లేదు. ఆ పుస్తకము వ్రాసినది మేమే. పుదీనాలోను జీలకర్రలోను పదియవ వంతు లెక్కగా చెల్లించి కనికరమును విడిచినవారిని ప్రభువు గద్దించెను. చెల్లించుట మానుమని ఆయన చెప్పలేదు, రెండును చేయవలెననెను. మేము ఒకటి చేసి రెండవది మరచితిమి.

సెప్టెంబరులో పెద్దల యెదుట ఈ సంగతి పెట్టితిమి. "అయితే క్రిస్మసుకు సున్నమెట్లు?" అని ఒక పెద్ద అడిగెను. న్యాయమైన ప్రశ్నయే, గోడలు నిజముగా నల్లబడియున్నవి. చాలసేపు మాటలాడి, నెలలో మొదటి ఆదివారపు బియ్యము వేలము వేయక, సంపాదించువారు లేని ఇండ్లకు పంచవలెనని తీర్మానించితిమి. ధాన్యము తెచ్చు రైతు సహోదరులారా, ఈ కోతలో మీ భాగము ఆ పంపకమునకు కూడ చేరునని ఎరిగి తెండి. కళ్లము ఊడ్చిన తాలుగింజలు కాదు, మీరు తిను గింజలే తెండి.

అక్టోబరు మొదటి ఆదివారమున ఆ అవ్వ సంచిలో బియ్యము పోసితిమి. ఆమె మూతి కట్టనియ్యలేదు. "ఉండండయ్యా" అని ఒక పిడికెడు తీసి, బల్లమీద పోసి, అప్పుడు సంచి కట్టుకొనెను.