గేటు మీద పేరు, బాత్రూంకు తాళం

ఏటా ఆగస్టులో ఇక్కడ టెక్సస్‌లో బళ్లు తెరిచే వారం మా స్కూల్ డిస్ట్రిక్ట్ సూపరింటెండెంట్ నుంచి తల్లిదండ్రులందరికీ ఒక లేఖ వస్తుంది. చదవడానికి చప్పగా ఉంటుంది. ఏ బడికి పైకప్పు మార్చారు, ఎక్కడ కొత్త ఏసీలు పెట్టారు, బయటి తలుపుల తాళాలు ఎన్ని చోట్ల మార్చారు, బాండ్ డబ్బులో ఇంతవరకు ఎంత ఖర్చయింది, ఏ పని సెలవుల్లో పూర్తికాక మిగిలింది, అది ఎప్పటికవుతుంది, ఇవే సంగతులు. టెక్సస్‌లో ఉన్న మనవాళ్లు చాలామంది దాన్ని తెరవకుండానే పక్కన పడేస్తారు. దసరా పార్టీ వాట్సాప్ మెసేజ్‌కున్న గిరాకీ దానికి లేదు.

నాకు మాత్రం ఈ దేశంలో నేర్చుకోదగ్గ సంస్కారాల్లో అదొకటి అనిపిస్తుంది. ఏ తెలుగు సంఘం సావనీర్ తెరిచినా విలువలంటే మనం ఇక్కడికి మోసుకొచ్చినవే కనిపిస్తాయి. బతుకమ్మ, పెద్దలకు దండం పెట్టడం, ఆదివారం తెలుగు బడి. అవి ఉండాల్సినవే, కాదనను. ఇక్కణ్నుంచి ఊరికి తీసుకుపోదగ్గవి ఏమున్నాయంటే మాత్రం మన జవాబు డాలర్ల దగ్గరే ఆగిపోతుంది. నేను నిర్మల్ వాణ్ని కాబట్టి నిర్మల్ బళ్ల సంగతే చెబుతాను.

ముందు ఇక్కడి పద్ధతి. టెక్సస్‌లో స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే కలెక్టర్ ఉండే జిల్లా కాదు, బళ్ల కోసమే ఏర్పడ్డ స్థానిక సంస్థ. మనం కట్టే ఇంటి పన్నులో పెద్ద వాటా దానిదే. ట్రస్టీలను ఓటేసి ఎన్నుకుంటాం. సూపరింటెండెంట్ ఆ ట్రస్టీలు పెట్టుకున్న ఉద్యోగి. భవనాల కోసం అప్పు తేవాలంటే బాండ్ మీద జనం ఓటేయాలి, ఓడిపోయిన బాండ్లూ ఉన్నాయి. బోర్డు మీటింగ్‌లో ఏం మాట్లాడబోతున్నారో మూడు పనిదినాల ముందే అందరికీ తెలిసేలా పెట్టాలని చట్టం. తల్లిదండ్రులు మైకు ముందు నిలబడి మాట్లాడటానికి మా దగ్గర మూడు నిమిషాలిస్తారు. ఆ మూడు నిమిషాల్లో మనవాళ్ల గొంతు వినబడటం అరుదు. పిల్లవాడి లెక్కల మార్కుల గురించి ట్యూషన్ సారుతో గంటసేపు మాట్లాడే ఓపిక మాత్రం మనకుంది.

నిర్మల్‌లో డీఈఓ, అంటే జిల్లా విద్యాధికారి, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి. పైన రాష్ట్ర విద్యాశాఖకు, పక్కన కలెక్టర్‌కు జవాబు చెప్పుకుంటాడు. ఒక తల్లికి లేఖ రాయాల్సిన అవసరం ఆయన ఉద్యోగంలో ఎక్కడా రాదు. 2016 అక్టోబర్ 11న పాత ఆదిలాబాద్‌ను నాలుగు జిల్లాలు చేసినప్పుడు నిర్మల్‌కు కలెక్టరాఫీసు దగ్గరికొచ్చింది. విద్యాశాఖ అంత దగ్గరికి రాలేదు. మండల విద్యాధికారి, అదే ఎంఈఓ, అంటే ఏళ్ల తరబడి ఇన్‌ఛార్జే. ఎక్కడో ఒక హైస్కూల్ హెడ్మాస్టరు తన బడి తాను నడుపుకుంటూనే పక్క మండలాల కాగితాల మీద కూడా సంతకాలు పెట్టాల్సి వచ్చేది.

డబ్బే రాలేదంటే అబద్ధమవుతుంది. 2022 మార్చి 8న వనపర్తిలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ 'మన ఊరు - మన బడి' మొదలుపెట్టారు. మొత్తం 26,065 బళ్లు, 7,289 కోట్ల రూపాయలు, మూడు విడతలు. మొదటి విడతలో 9,123 బళ్లు. నీళ్లొచ్చే మరుగుదొడ్లు, కరెంటు, తాగునీరు, బెంచీలు, రంగులు, రిపేర్లు, ప్రహరీ గోడ, వంట షెడ్డు, శిథిలమైన గదుల చోట కొత్త గదులు, ఇలా పన్నెండు రకాల పనులు. అదే నెలలో అప్పటి మంత్రి కేటీఆర్ అమెరికా వచ్చి ఇక్కడి మనవాళ్లను కూడా చేయి కలపమన్నారు. పెద్ద మొత్తం ఇచ్చినవాళ్ల పేరు గదికి పెడతామన్నారు. కొన్ని బళ్లు నిజంగానే మెరిశాయి. చాలా చోట్ల పని మొదలై బిల్లులు రాక సగంలో ఆగింది. అప్పు తెచ్చి పని చేయించిన స్కూల్ కమిటీ చైర్మన్లు ఆఫీసుల చుట్టూ తిరిగారు. 2023 చివర్లో ప్రభుత్వం మారింది. 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలొచ్చాయి. ఊళ్లోని మహిళా గ్రామ సంఘం అధ్యక్షురాలు చైర్‌పర్సన్, హెడ్మాస్టరు మెంబర్ కన్వీనర్. పథకం పేరు మారింది, జాబితా దాదాపు పాతదే.

ఇక ఎన్నారై మిత్రుల సేవ. నిర్మల్ చుట్టుపక్కల ఒక ఊళ్లో, పేరెందుకుగానీ, అమెరికాలో ఉన్న పాత విద్యార్థులు చందాలేసుకుని బడికి గేటు కట్టించారు. ఆర్చి, గ్రానైట్ పలక, పలక మీద బంగారు రంగు అక్షరాల్లో దాతల పేర్లు. లోపలికెళ్తే ఆడపిల్లల బాత్రూంకు తాళం. తాళంచెవి ఆఫీసు గదిలో సొరుగులో ఉంటుంది, మేడంలకు, తనిఖీకొచ్చిన ఆఫీసర్లకు తీస్తారు. పిల్లలకు తీస్తే సాయంత్రానికి పాడైపోతుందంటారు. అది అబద్ధం కూడా కాదు. బోరు ఉంది, మోటారు కాలి చాలా రోజులైంది. ట్యాంకులోకి నీళ్లెక్కవు. కడిగే మనిషి లేదు. ఎనిమిదో తరగతి అమ్మాయి పొద్దున ఇంటి దగ్గర నీళ్లు తాగకుండా బయల్దేరుతుంది, సాయంత్రం ఇల్లు చేరేదాకా తాగదు. నెలలో ఆ నాలుగు రోజులు బడికే రాదు. బడిలో పిల్లల క్షేమం అంటే నాకు గుర్తొచ్చేది ముందు ఈ అమ్మాయే, ఆ తర్వాతే సీసీ కెమెరా.

ఆ కడిగే మనిషి సంగతి కొంచెం చెప్పాలి. ఉద్యోగం పేరు స్కావెంజర్, ఆ పేరే ఎవరికీ గౌరవంగా ఉండేది కాదు. చాలీచాలని జీతానికి ఊళ్లోనే ఎవరో ఒకామె చేసేది. కరోనా నాటి నుంచి ఆ పోస్టులు లేకుండా పోయాయి. బడి కూడా పంచాయతీ కార్మికులే ఊడ్వాలన్నారు. పంచాయతీలో ఉన్న ఇద్దరు ముగ్గురికి ఊరి మోరీలే తెమలవు, బడిలో చీపురు టీచర్ల చేతికో పిల్లల చేతికో వచ్చింది. 2024లో ప్రభుత్వం పిల్లల సంఖ్యను బట్టి బడికి నెలకు 3,000 నుంచి 20,000 రూపాయల దాకా శుభ్రత కోసం ఇవ్వాలని తీర్మానించింది. ముప్పై మందిలోపు పిల్లలుంటే మూడు వేలు, ఏడు వందల యాభై దాటితే ఇరవై వేలు. నా దృష్టిలో ఈ మధ్య వచ్చిన ఆదేశాల్లో ఇది అన్నిటికన్నా తెలివైంది, ఎందుకంటే ఇది కట్టడం గురించి కాదు, నడపడం గురించి. రిబ్బన్ కత్తిరించడానికి అందులో ఏమీ లేదు కాబట్టి పేపర్లలో ఫొటో కూడా పెద్దగా రాలేదు. ఆ డబ్బు ఏ నెల వచ్చింది, ఏ నెల రాలేదు, ఎవరికిచ్చారు అన్నది బడి గోడ మీద రాసి పెడితే, టెక్సస్‌లో నాకొచ్చే లేఖకు అది ఏ మాత్రం తీసిపోదు.

టెక్సస్‌ను నెత్తిన పెట్టుకుంటున్నానని ఎవరైనా అనొచ్చు. ఇక్కడి లేఖలో సగం భద్రత గురించే ఉంటుంది, దానికి కారణం సిగ్గుపడాల్సింది. 2022 మే 24న యువాల్డేలో ఒక ప్రాథమిక పాఠశాలలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు తుపాకీకి బలయ్యారు. మరుసటి ఏడు ప్రతి బడిలో ఒక సాయుధ కాపలాదారు ఉండాలని రాష్ట్రం చట్టం చేసింది. మా ఇళ్లలో ఆరేళ్ల పిల్ల లైట్లు ఆర్పి మూల కూర్చుని ఊపిరి బిగబట్టడం బడిలో నేర్చుకుని ఇంటికొస్తుంది. ఇది మనం నిర్మల్‌కు తీసుకుపోయేది కాదు.

ఇంకో పాత ఘటన ఉంది, అది మాత్రం అందరికీ తెలియాలి. 1937 మార్చి 18న తూర్పు టెక్సస్‌లోని న్యూ లండన్ అనే ఊళ్లో బడి గ్యాస్ పేలుడుకు కూలిపోయింది. దాదాపు మూడు వందల మంది పోయారు, ఎక్కువమంది పిల్లలే. ఊరు బీదదేం కాదు, చమురు బావులతో తులతూగే ఊరు. ఖర్చు తగ్గుతుందని చమురు కంపెనీ వదిలేసే గ్యాస్ పైపుకు బడిని కలిపారు. ఆ గ్యాస్‌కు వాసన లేదు, నేల కింద నిండుతుంటే ఎవరికీ తెలియలేదు. ఆ ఏడాదే టెక్సస్ గ్యాస్‌లో కంపు కొట్టే మందు కలపాలని చట్టం చేసింది, తర్వాత లోకమంతా ఆ దారి పట్టింది. ఇవాళ నిర్మల్ బడి వంట షెడ్డులో సిలిండర్ లీకైతే వంటామె ముక్కుకు తెలియడం వెనక ఆ పిల్లలున్నారు. 

మన దగ్గరా ఇలాంటి పాఠాలున్నాయి. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే గేటులో స్కూల్ బస్సును రైలు గుద్దింది. పదిమందికి పైగా పిల్లలు పోయారు. అక్కడ కాపలా పెట్టమని ఊరివాళ్లు ఎప్పట్నుంచో అడుగుతున్నారని తర్వాత పేపర్లు రాశాయి. 2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని గేట్లన్నీ తీసేశామని రైల్వే చెప్పింది. తీసేయడం సాధ్యమేనన్నమాట. నిర్మల్‌లో పొద్దున ఎనిమిదిన్నరకు ఏ చౌరస్తాలోనైనా నిలబడండి. ముగ్గురు కూర్చోవాల్సిన ఆటోలో పదిమంది పిల్లలు, డ్రైవర్‌కు అటొకరు ఇటొకరు, బ్యాగులన్నీ బయట కొక్కేలకు. అది ప్రైవేటు బడికి పోయే ఆటో, అందులో సగం ఫీజులు దుబాయ్, మస్కట్ నుంచి వచ్చినవి. వానాకాలం మొదలైతే పాత స్లాబుల భయం వేరే. 2021 జూలైలో పట్టణంలో కాలనీలే మునిగాయి, మరుసటి జూలైలో కడెం ప్రాజెక్టు గేట్ల మీది నుంచి నీళ్లు పొర్లాయి. అలాంటి వానకు పెచ్చులూడిన గదిలో క్లాసు చెప్పాలా వద్దా అని తేల్చాల్సింది ఒంటరిగా హెడ్మాస్టరే.

అడగడం మన సంస్కృతిలో లేదని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోను. బాసర మా జిల్లాలోనే ఉంది. అక్కడి ఆర్జీయూకేటీ, అందరూ ట్రిపుల్ ఐటీ అనేది, 2008లో పుట్టింది. పదో తరగతి మంచి మార్కులతో పాసైన పల్లెటూరి పిల్లలు ఆరేళ్లు అక్కడే ఉండి చదువుతారు. 2022 జూన్ 14న వేలమంది విద్యార్థులు మెయిన్ గేటు దగ్గర కూర్చున్నారు. ఎండకు కూర్చున్నారు, వానకు కూర్చున్నారు. అద్దం పగలగొట్టలేదు, బస్సు తగలబెట్టలేదు. డిమాండ్లు పన్నెండు. రెగ్యులర్ వీసీ కావాలి, మెస్సులో తిండి బాగుండాలి, హాస్టళ్లు బాగుచేయాలి, ల్యాప్‌టాప్‌లు, యూనిఫాంలు ఇవ్వాలి, ముఖ్యమంత్రి వచ్చి చూడాలి. వారం గడిచాక జూన్ 20 రాత్రి అప్పటి విద్యాశాఖ మంత్రి సబితా ఇంద్రారెడ్డి వచ్చి మాట్లాడాక లేచారు. నెల తిరక్కుండానే జూలై 15న మెస్సు తిండి తిని పెద్ద సంఖ్యలో పిల్లలు ఆసుపత్రుల పాలయ్యారు. ఆ సెప్టెంబర్‌లో కేటీఆర్ వచ్చారు, మాటిచ్చారు. ముఖ్యమంత్రి రాలేదు. ఆ పన్నెండింటిని ఒకసారి మళ్లీ చూడండి. ఎక్కువ భాగం ఒక బాధ్యత గల అధికారి ఏడాది మొదట్లో తనంతట తాను లేఖలో రాసివ్వాల్సినవే. పదహారు, పదిహేడేళ్ల పిల్లలు కూడా వారం రోజులు నేల మీద కూర్చుంటే గానీ జవాబు రాలేదు. అయినా వాళ్లు అడిగిన తీరు చూసి ఇక్కడి స్కూల్ బోర్డు మీటింగుల్లో అరుచుకునే పెద్దమనుషులు నేర్చుకోవాల్సింది ఉంది.

గురుకులాల్లో కూడా అంతే. ఉత్తర తెలంగాణలో హాస్టల్ తిండి పడక పిల్లలు మంచం పట్టిన వార్తలు వరసగా వచ్చాకే 2024 చివర్లో తిండికిచ్చే డైట్ ఛార్జీలు పెరిగాయి. ఎనిమిది నుంచి పది దాకా చదివేవాళ్లకు నెలకు 1,100 ఉన్నది 1,540 అయింది. రోజుకు యాభై రూపాయల పైచిలుకు. అందులో మూడు పూటలా పెట్టాలి, ఆ లెక్క ఇంట్లో వంట చేసే ఎవరినైనా అడగండి.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు కావాలి. కాగితం మీద ఇది టెక్సస్ కన్నా గొప్ప ఏర్పాటు, ఇక్కడ పిల్లలు లేనివాడు కూడా ట్రస్టీ కావచ్చు. మరి ఎందుకు నడవదు? మా వైపు చాలా ఇళ్లలో తండ్రి గల్ఫ్‌లో, తల్లి బీడీలు చుడుతుంది. కూలి వెయ్యి బీడీల లెక్కన. బడి మీటింగు పగటిపూట పెడితే వచ్చినామెకు ఆ పూట బీడీలు తగ్గుతాయి. వచ్చినా తీర్మానం పుస్తకంలో సంతకం చేయించుకుని పంపేస్తారు. "సార్, బడికి పైసలెన్నొచ్చినయ్?" అని ఒక్కామె అడిగితే గది మొత్తం ఆమె వైపు తిరుగుతుంది, దొంగతనం అంటగట్టినట్టు. హెడ్మాస్టరు కూడా చెడ్డవాడు కాదు, తనకే ఇంకా రాని బిల్లు గురించి ఏం చెప్పాలో తెలియక ముఖం తిప్పుకుంటాడు. టెక్సస్‌లో ఆ ప్రశ్నకు ఎవరూ తిరిగి చూడరు. తేడా అంతా అక్కడే ఉంది.

కాబట్టి చందా వేసుకునే మిత్రులకు నాదొక మనవి. గేటు, ఆర్చి మానేసి మోటారు రిపేరుకు, కడిగే మనిషి జీతంలో తక్కువ పడ్డదానికి, పెచ్చులూడిన గది ఇంజినీరుతో చూపించడానికి ఇవ్వండి. ఇచ్చేముందు ఎస్టిమేటు అమ్మ కమిటీ అక్కలకు చదివి వినిపించమనండి, ఖర్చు బడి గోడ మీద పెయింటుతో రాయమనండి. ప్రభుత్వ డబ్బు లెక్క ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం 2005 నుంచీ ఉంది, అర్జీకి పది రూపాయలు కూడా దాటదు. మీటింగు సాయంత్రం పెట్టమని డీఈఓ గారికి మర్యాదగా ఒక ఉత్తరం రాయండి. అమెరికా నుంచి వచ్చిన ఉత్తరమంటే ఆఫీసులో ఇంకా కొంచెం విలువుంది, ఆ విలువను దీనికి వాడుకోవచ్చు.

మన దగ్గర బళ్లు మామూలుగా జూన్ 12న తెరుస్తారు. ఇక్కడ పిల్లలకు వేసవి సెలవులు అప్పుడే, చాలామందిమి టికెట్లు కూడా ఆ వారానికే తీసుకుంటాం. బడికెళ్లినప్పుడు హెడ్మాస్టరు గారిని ముందు బాత్రూం తాళంచెవి అడగండి. శాలువా కార్యక్రమం తర్వాత పెట్టుకోవచ్చు.