పొరపాటున వచ్చిన సొమ్ము కూడా అమానతే



మంజీర నదిపై 1923లో పనులు మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీటితో బాన్సువాడ, బోధన్ ప్రాంతాల పొలాలు పండుతున్నాయి. ఆ కాలువ కింది రైతులకు ఒక సంగతి వేరే చెప్పనక్కరలేదు. రాత్రి గట్టు తెగి, పక్కవాని వంతు నీళ్లు మన మడిలోకి వస్తే అవి మన నీళ్లు అయిపోవు. గట్టు తెగడంలో మన తప్పు ఏమీ లేదు. కాని తెల్లవారి చూశాక కూడా పార అందుకోకుండా కూర్చుంటే, ఆ క్షణం నుండి తప్పు మనదే. బ్యాంకు ఖాతాలో పొరపాటున పడిన సొమ్ము సంగతి కూడా ఇంతే.

నిజాంసాగర్ మండలంలో ఒక కుటుంబం ఉందనుకుందాం. కొడుకు గల్ఫ్‌లో కూలి పని చేసి నెలనెలా డబ్బు పంపుతాడు. కూతురి పెళ్లి దగ్గర పడింది. బాకీలు తీరలేదు. ఒకరోజు తండ్రి పాస్‌బుక్కులో ఎంట్రీ వేయించుకుంటే లక్షన్నర రూపాయలు ఎక్కువగా కనిపించాయి. ఫోను చేస్తే కొడుకు "నేను పంపలేదు అబ్బా" అన్నాడు. ఇక ఇంట్లో తలా ఒక మాట. "అల్లాహ్ మన దుఆ విన్నాడు" అని ఒకరు. "బ్యాంకు వాళ్లు మన దగ్గర వడ్డీ గుంజుతారు కదా, వాళ్ల సొమ్ము తింటే ఏమిటి?" అని ఒకరు. "వాళ్లు అడిగినప్పుడు చూద్దాం" అని మరొకరు. "కొంత మసీదుకు ఇస్తే సరిపోతుంది" అని ఇంకొకరు.

ఈ నాలుగు మాటలూ మనలో ఎవరి నోట అయినా రాగలవు. అవసరం అలాంటిది. కనుక వీటిని ఒక్కొక్కటిగా ధర్మం వెలుగులో చూద్దాం.

మొదటిది, ఇది అల్లాహ్ ఇచ్చిన ఉపాధి అనుకోవడం. అల్లాహ్ ఇచ్చే ఉపాధి ధర్మసమ్మతమైన దారిన వస్తుంది. కూలి, పంట, వ్యాపారం, వారసత్వం, మనస్ఫూర్తిగా ఇచ్చిన కానుక ఇవన్నీ అటువంటి దారులు. ఇచ్చేవాడు ఇవ్వాలనుకోకుండానే మన చేతికి వచ్చినది వీటిలో దేనిలోనూ చేరదు. ఒకరి సొమ్ము మరొకరు అధర్మంగా తినరాదని దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరా 188వ ఆయతులో హెచ్చరించింది. సంపద, సంతానం మనకు పరీక్ష అని అల్ అన్ఫాల్ సూరా 28వ ఆయతు తెలియజేస్తుంది. అవసరం ఉన్నప్పుడే ఎదురుగా వచ్చిన పరాయి సొమ్ము పరీక్ష కాక మరేమిటి?

రెండవది, బ్యాంకు సొమ్మే కదా అనే మాట. వడ్డీ హరామ్. అందులో సందేహం లేదు. అయితే ఎదుటివాని పాపం అతని సొమ్మును మనకు హలాల్ చేయదు. హిజ్రత్ రాత్రిని గుర్తు చేసుకుందాం. మక్కా అవిశ్వాసులు దైవప్రవక్త (స)ను చంపడానికి ఇంటిని చుట్టుముట్టారు. ఆ ఊరి వారు దాచుకున్న అమానతులు ఆయన దగ్గరే ఉన్నాయి. ముస్లింల ఇళ్లు, ఆస్తులు పోగొట్టిన ఊరు అది. అయినా ఆయన వాటిని తీసుకుపోలేదు. ఎవరివి వారికి అప్పగించి రమ్మని హజ్రత్ అలీ (రజి)ని వెనుక ఉంచారు. ప్రాణం తీయవచ్చినవారి సొమ్మే అంత భద్రంగా తిరిగి వెళ్లినప్పుడు మనం చెప్పే సాకు ఎక్కడ నిలుస్తుంది?

పైగా ఆ సొమ్ము నిజంగా ఎవరిదో మనకు ఏం తెలుసు? 2022 ఏప్రిల్‌లో మన తెలంగాణలోనే జరిగిన సంఘటన చూడండి. రంగారెడ్డి కలెక్టరేట్ స్టేట్ బ్యాంకు శాఖలో జరిగిన పొరపాటు వల్ల దళితబంధు పథకం నిధులు ఒక ప్రైవేటు ఆసుపత్రి ఉద్యోగులు 15 మంది ఖాతాల్లో పడ్డాయి. ఒక్కొక్కరికి 10 లక్షలు, మొత్తం ఒకటిన్నర కోటి రూపాయలు. పద్నాలుగు మంది తిరిగి ఇచ్చారు. ఒకరు మాత్రం ప్రభుత్వ పథకం కింద తనకే వచ్చిందనుకుని కొంత సొమ్ము అప్పులకు కట్టేశారు. విషయం పోలీసు కేసు దాకా వెళ్లింది. పైకి అది బ్యాంకు సొమ్ము. లోపల చూస్తే ఒక్కో పది లక్షలు ఒక్కో పేద కుటుంబం కొత్త బతుకు మొదలుపెట్టడానికి ఉద్దేశించినవి.

మూడవది, అడిగినప్పుడు ఇద్దామనడం. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని అన్నిసా సూరా 58వ ఆయతులో అల్లాహ్ ఆజ్ఞాపించాడు. దారిలో దొరికిన వస్తువును సైతం ఏడాది పాటు ప్రకటించమని దైవప్రవక్త (స) బోధించారు. అంటే వెతుక్కుంటూ వెళ్లవలసిన బాధ్యత దొరికినవానిదే. బ్యాంకు సొమ్ముకు ఊరూరా చాటింపు అవసరం లేదు, యజమానిని చేరే దారి మన ఖాతా ఉన్న శాఖలోనే ఉంది. దైవప్రవక్త (స) చెప్పిన ఒక పూర్వకాలపు సంఘటన బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ఒకతను కొన్న భూమిలో బంగారపు కుండ దొరికింది. తాను కొన్నది భూమినే గాని బంగారాన్ని కాదంటూ అతను దాన్ని అమ్మినవాని దగ్గరకు తీసుకువెళ్లాడు. భూమితో పాటు అందులో ఉన్నదంతా అమ్మేశానంటూ ఆయన తీసుకోలేదు. చివరకు తీర్పు చెప్పిన పెద్దమనిషి ఒకరి కొడుకుకు, మరొకరి కూతురికి పెళ్లి చేసి, ఆ బంగారాన్ని వారిపై ఖర్చు పెట్టమని, కొంత దానం చేయమని చెప్పాడు. నాది అని తగవులాడే లోకంలో నాది కాదని తగవులాడిన ఇద్దరు వారు!

నాలుగవది, మసీదుకు ఇవ్వడం. యజమాని ఎవరో తెలుసుకునే వీలున్నప్పుడు అతని సొమ్మును మనం దానం చేయడానికి మనకు హక్కు లేదు. అల్లాహ్ పరిశుద్ధుడు, పరిశుద్ధమైన దానినే స్వీకరిస్తాడని దైవప్రవక్త (స) తెలిపారు. ఆ సొమ్ము మనది కానప్పుడు దానిపై మనకు జకాత్ కూడా లేదు. ఖాతాలో ఉన్నంత కాలం దానిపై వడ్డీ పడితే ఆ వడ్డీ కూడా మనది కాదు.

మరి ఏం చేయాలి? ముందుగా ఆ సొమ్మును కదిలించకూడదు. మరునాడే శాఖకు వెళ్లి రాతపూర్వకంగా తెలియజేయాలి. నకలుపై ముద్ర వేయించుకుని దాచుకోవాలి. వెనక్కి తీసుకునే పని బ్యాంకు ద్వారానే జరగాలి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. "పొరపాటున మీకు పంపాను, ఈ నంబరుకు తిరిగి పంపండి" అని ఎవరో ఫోను చేస్తే వెంటనే పంపవద్దు. మోసగాళ్లు దొంగ మెసేజీ పంపి అసలు రాని డబ్బును మన చేత కట్టిస్తారు. నిజంగానే వచ్చినా అది మరెవరినో మోసగించిన సొమ్ము కావచ్చు. అతన్ని తన బ్యాంకులో ఫిర్యాదు చేయమనాలి, మనం మన బ్యాంకుకు చెప్పాలి. ఓటీపీ ఎవరికీ చెప్పరాదు. మోసం జరిగితే 1930 నంబరుకు వెంటనే ఫోను చేయాలి.

తెలియక ఖర్చు పెట్టినవారు ఏం చేయాలి? తెలియని కాలానికి పాపం లేదు, కాని బాకీ ఉంది. బ్యాంకుకు నిజం చెప్పి, వాయిదాలు అడిగి తీర్చాలి. దేశ చట్టం కూడా ఇదే చెబుతుంది. పొరపాటున అందిన సొమ్మును తిరిగి ఇవ్వాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 72వ సెక్షను నిర్దేశించింది. పరాయి సొమ్మని తెలిసీ దురుద్దేశంతో వాడుకోవడం 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షను కింద నేరం. ఇక తెలిసే తిన్నవారు తౌబా చేసుకోవాలి. అయితే దాసుల హక్కు తౌబాతో మాత్రమే తీరదు, సొమ్ము యజమానికి చేరాలి. నమాజులు, రోజాలు, జకాతులు మోసుకొచ్చి కూడా, ఇతరుల సొమ్ము తిన్నందుకు, వారిని బాధించినందుకు తన పుణ్యాలన్నీ వారికి పంచి ఇచ్చి దివాలా తీసే మనిషి గురించి దైవప్రవక్త (స) మనల్ని హెచ్చరించారు.

మళ్లీ మన నిజాంసాగర్ కుటుంబం దగ్గరకు వద్దాం. ఆ లక్షన్నర తిరిగి ఇచ్చిన మరునాడు కూడా పెళ్లి ఖర్చు అలాగే ఉంటుంది, బాకీ అలాగే ఉంటుంది. మనం ఆ మాట దాచము. కాబట్టి పెళ్లిని సాదాగా చేయాలి. అటువంటి ఇంటికి ఖర్జె హసనా ఇచ్చి ఆదుకోవడం చుట్టూ ఉన్న మనందరి బాధ్యత. ఇక ఆ ఇంట్లో మిగిలేది ఏమిటి? తండ్రి బ్యాంకుకు కాగితం రాయడం పిల్లలు చూశారు. "ఇది మనది కాదు బేటా" అన్న మాట విన్నారు. ఏ పాఠశాలా నేర్పలేని పాఠం అది.

అల్లాహ్ మన చేతుల్ని పరాయి సొమ్ము నుండి కాపాడుగాక! హలాల్ సంపాదనలో శుభాన్ని ప్రసాదించుగాక! అమానతులను అప్పగించేవారిలో మనల్ని చేర్చుగాక! ఆమీన్.